మూడు రోజుల్లో 'విషం' దిగదు, తల తిరుగుతుంది

అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి బాగా చదువుకున్నవాళ్ల గ్రూపులోంచి, చివర్లో దణ్ణం బొమ్మతో. సారాంశం ఇదీ: డిప్రెషన్ మాత్రలు ఏడాది తిరిగేసరికి ఒంటికి అలవాటైపోయి పనిచేయవు. అలా అనిపించిన రోజే ఆపేయాలి. మూడు రోజులు తల తిరిగితే విషం బయటికి పోతున్నట్టు లెక్క. అసలు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే డిప్రెషన్ అన్న కథే అబద్ధమని తేలింది. బదులుగా సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక, అశ్వగంధ వేసుకుని, రోజూ రెండు అరటిపళ్లు తినాలి.

అరటిపళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. తినండి. పండులో ఉన్న సెరటోనిన్ మెదడులోకి చేరదు గానీ పండు మంచిదే.

సెరటోనిన్ కథ విషయంలో మాత్రం మెసేజ్ రాసినాయన చెప్పింది చాలావరకు నిజం. సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో మానసిక వైద్యురాలు జోవానా మోన్‌క్రీఫ్ బృందం 'మాలిక్యులర్ సైకియాట్రీ' పత్రికలో రాసింది. రోగికి సులువుగా అర్థమవుతుందని ఆ కథను ఏళ్ల తరబడి చెప్పిన డాక్టర్లు ఇప్పుడు మాట పడుతున్నారు, పడాల్సిందే. కానీ జబ్బు ఎందుకొచ్చిందో తేలకపోవడం వేరు, మందు పనిచేయకపోవడం వేరు.

ఇక 'ఏడాదికి అలవాటైపోతుంది'. కొందరికి బాగా పనిచేసిన మాత్రే కొన్నాళ్లకు పట్టు తప్పడం నిజమే. బ్రిటన్‌లో చాలాకాలంగా మాత్రలు వాడుతూ కుదుటపడిన 478 మంది మీద చేసిన యాంట్లర్ అధ్యయనం 2021లో వచ్చింది. సగం మంది మాత్ర కొనసాగించారు, సగం మంది క్రమంగా తగ్గించి ఆపారు. 52 వారాల్లో కొనసాగించినవాళ్లలో 39 శాతం మందికి, ఆపినవాళ్లలో 56 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. అంటే మాత్ర వేసుకుంటున్నా తిరగబెట్టొచ్చు. ఏడాదికే అందరికీ పనిచేయడం మానేస్తే మరి ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది స్వామీ?

నిజంగా ఒంటికి అలవాటయ్యేది ఇంకొకటుంది. మీ స్ట్రిప్ వెనక చదవండి. డిప్రెషన్ మందు ఎస్‌సిటాలోప్రామ్ 10 ఎం.జి. పక్కన, ఆందోళన తగ్గించి నిద్రపుచ్చే క్లోనజెపామ్ 0.5 అని ఉందా? మన దగ్గర ఈ జంట మాత్ర రాయడం మామూలైపోయింది. 'ముందు బాగా నిద్రపట్టేది, ఇప్పుడు పట్టట్లేదు' అంటే తరచుగా పట్టు తప్పింది ఆ క్లోనజెపామే. ఇలాంటి మాత్ర ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడంతో ఆగదు, ఫిట్స్ కూడా రావచ్చు. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకటి ఉంచి ఒకటి తగ్గించడం కుదరదు. విడివిడిగా రాయమని డాక్టర్ని అడగాలి.

అసలు ప్రమాదమంతా 'ఈరోజే ఆపేయండి' అన్న ముక్కలో ఉంది. ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో తల తిరగడం, వికారం, కళ్లు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, పీడకలలు, కారణం లేని ఏడుపు మొదలుకావచ్చు. పారాక్సిటిన్, వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి త్వరగా పోతాయి కాబట్టి వాటితో ఎక్కువ. ఫ్లూక్సిటిన్ వారాల పాటు మిగిలి ఉంటుంది కాబట్టి తక్కువ, ఆలస్యం. ఇది విషం దిగడం కాదు, మందుకు సర్దుకున్న మెదడు అది లేక తడబడటం. పాత మోతాదు మళ్లీ వేసుకుంటే సాధారణంగా కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. విషమైతే మళ్లీ మింగితే తగ్గుతుందా? తిరగబెట్టిన జబ్బు ఇలా ఊడిపడదు. వారాలకో నెలలకో మెల్లగా కమ్ముకుంటుంది. అప్పుడు కూడా 'ఇంకా డిటాక్స్ అవుతోంది' అనుకుంటూ కూర్చునేవాళ్ల గురించే నా భయం.

ఆపాలనుకుంటే పద్ధతుంది. ఎస్‌సిటాలోప్రామ్ 20 ఎం.జి. నుంచి 10కి దిగినప్పుడు మెదడులో మందు ప్రభావం తగ్గేది కొంచెమే. 5 నుంచి సున్నాకి దిగడమే పెద్ద దూకుడు. కాబట్టి కింద మెట్లు చిన్నవిగా ఉండాలి: 10, 5, 2.5, అవసరమైతే ఇంకా తక్కువ, మెట్టుకీ మెట్టుకీ రెండు నుంచి నాలుగు వారాలు. 'రోజు విడిచి రోజు' అనే మన సొంత వైద్యం ఇక్కడ చెల్లదు. ఎస్‌సిటాలోప్రామ్ 48 గంటల్లో దాదాపు మూడో వంతుకు పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. రోజూ ఒక ఊపు. మందును మెల్లగా వదిలే ఎక్స్‌టెండెడ్ రిలీజ్ మాత్రల్ని విరగ్గొట్టకూడదు, నలపకూడదు.

సెయింట్ జాన్స్ వోర్ట్ వంతు. తేలికపాటి డిప్రెషన్‌లో దానికి కొంత ఫలితం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఈ మాత్రల మీదే దాన్ని వేసుకుంటే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు: చెమటలు, వణుకు, విరేచనాలు, జ్వరం, అయోమయం. వస్తే ఆసుపత్రికి పరుగే. ఒంటినొప్పులకని మెడికల్ షాపులో ఇచ్చే ట్రమడాల్‌తోనూ అదే ముప్పు. పైగా ఈ మూలిక గర్భనిరోధక మాత్రల్ని, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌ని బలహీనపరుస్తుంది. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, థైరాయిడ్ హార్మోన్లనూ అది పెంచగలదు. 'సహజం' కదా, ఏం కాదులెండి!

మాత్ర పట్టు తప్పిందనిపిస్తే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. వారంలో ఎన్ని మాత్రలు మిస్సయ్యాయో స్ట్రిప్పే చెబుతుంది. టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12 చూపించండి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు బి12 తప్పకుండా. తాగుడు పెరిగిందా? టీబీకి రిఫాంపిసిన్ మొదలైందా? అది కొన్ని డిప్రెషన్ మందుల్ని ఒంట్లో తొందరగా కరిగించేస్తుంది. డులాక్సిటిన్ అనే డిప్రెషన్ మందు వాడుతూ సిగరెట్లు కాలిస్తే రక్తంలో దాని మోతాదు దాదాపు మూడింట ఒక వంతు తగ్గుతుంది. దుఃఖం కాక, ఏ భావమూ లేని మొద్దుతనమే ఉంటే అది మాత్ర ప్రభావమే కావచ్చు, మోతాదు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. మధ్యమధ్య నిద్ర అక్కర్లేనంత హుషారు రోజులొస్తుంటే డాక్టర్‌కి కచ్చితంగా చెప్పండి, అతి హుషారూ డిప్రెషనూ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు అయితే వైద్యమే మారుతుంది.

ఇవేవీ కాకపోతే మోతాదు పెంచడం, మాత్ర మార్చడం, లిథియమో అరిపిప్రజోలో జోడించడం, మాటలతో చేసే చికిత్స సి.బి.టి. చేయించడం, తీవ్రమైతే కరెంటు షాక్ చికిత్స ఇ.సి.టి. దాకా దార్లున్నాయి. వెళ్లేటప్పుడు వాడే మందులన్నిటి స్ట్రిప్పులు, ఎప్పటినుంచి తేడా వచ్చిందో తేదీ, డిప్రెషన్ తీవ్రతను కొలిచే ప్రశ్నావళి పి.హెచ్.క్యూ.-9లో మీ స్కోరు పట్టుకెళ్లండి. 27కి ఎంతో రాసి ఉంటే 'ఏదోలా ఉంది సార్' కన్నా బాగా పనికొస్తుంది.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, రాత్రయినా పగలయినా. తెలుగులో మాట్లాడతారు.