ఒక్క చుక్క వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చేస్తే ఎలా?

వానలు పడి రెండు వారాలైతే చాలు, విశాఖలో ఏ వీధి ల్యాబ్‌ వైడాల్ చీటీ చూసినా ఒకటే: టీఓ 1:160, టీహెచ్ 1:160, టైఫాయిడ్ పాజిటివ్. జ్వరం మొదలై రెండు రోజులు కూడా నిండవు, సాయంత్రానికి సెలైన్ ఎక్కించి ఇంజెక్షన్లు మొదలుపెట్టేస్తారు. ఈ పద్ధతి మానాలి.

వైడాల్ 1896 నాటి టైఫాయిడ్ రక్తపరీక్ష. అది క్రిమిని పట్టుకోదు, క్రిమితో పోరాడటానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తుంది. టీఓ, టీహెచ్ అంటే ఆ క్రిమిలోని రెండు భాగాల మీద పుట్టిన యాంటీబాడీలు; 1:160 అంటే సీరాన్ని (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని) 160 రెట్లు పలచన చేసినా అవి కనిపించాయని. గాజు పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క రంగు యాంటిజెన్ (రంగు వేసిన చచ్చిన టైఫాయిడ్ క్రిముల ద్రవం) కలిపి నిమిషం పాటు అటూ ఇటూ ఊపుతారు. పాలు విరిగినట్టు రవ్వలు తేలితే పాజిటివ్. నిమిషం దాటాక చూస్తే చుక్క ఆరిపోతూ అచ్చం అలాగే కనిపిస్తుంది, దాన్నీ పాజిటివ్ అనే రాసేస్తారు. యాంటీబాడీలు పెరగడానికే వారం పడుతుంది కదా, మరి రెండో రోజుకే 1:160 ఎక్కడిది? ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానిది కావచ్చు. మలేరియా, డెంగీలోనూ అలా రావచ్చు. మలేరియా ఎక్కువగా ఉండే పాడేరు మన్యం వైపు నుంచి చలిజ్వరంతో దిగినవాళ్లకి మలేరియా పరీక్ష చేయకుండా వైడాల్ చూసి మందులిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

చేయించాల్సింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. మొదటి వారంలోనే, యాంటీబయోటిక్ ఒక్క డోసు కూడా పడకముందే. పెద్దవాళ్లకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. రెండు మిల్లీలీటర్లు తీసి సరిపెడితే దొరకదు, ఎందుకంటే టైఫాయిడ్‌లో మిల్లీలీటరు రక్తానికి ఒక్క క్రిమి కూడా ఉండకపోవచ్చు. రక్తం పోసిన సీసాని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఇన్ని చేసినా నూటికి 60 కేసుల్లోనే బయటపడుతుంది, కాబట్టి నెగెటివ్ వస్తే టైఫాయిడ్ కాదని కాదు. కానీ పాజిటివ్ వస్తే ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. సిప్రోఫ్లోక్సాసిన్‌కి ఈ క్రిమి మన దేశంలో చాలావరకు లొంగడం మానేసింది.

సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మూడో రోజుకే కంగారుపడి డాక్టర్‌ని మార్చకండి. జ్వరం తగ్గగానే మందు ఆపేస్తే తిరగబెడుతుంది. లంఖణాలు అసలొద్దు, మెత్తటి అన్నం, పెరుగు పెట్టండి. రెండు మూడు వారాలు ముదిరిన జ్వరంలో పొట్ట నొప్పి, నల్లటి విరేచనం కనిపిస్తే పేగుకి చిల్లు పడే, రక్తం కారే ప్రమాదం ఉంది, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది వేరే ఉంది. ఉత్తుత్తి పాజిటివ్‌లు ఊరంతా పరుచుకుంటే అసలు కేసులు ఏ వీధిలో ఉన్నాయో ఎవరికీ కనబడదు. హైదరాబాద్‌లో తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాని పాకిస్తాన్ 2019లోనే పిల్లల టీకాల్లో చేర్చుకుంది. మనం మాత్రం డబ్బు కట్టి వేయించుకుంటున్నాం. సరైన లెక్క లేకపోతే మనకీ ఉచితంగా ఇమ్మని గట్టిగా అడగడానికి ఆధారమేది?

టైఫాయిడ్ మురుగు కలిసిన నీళ్లతో వస్తుంది కాబట్టి, కల్చర్‌లో తేలిన కేసులు ఒకే వీధిలో మూడు వస్తే అక్కడి నీళ్ల పైపు చూడాలి. కుళాయి రోజుకి గంటే వస్తుంది, మిగతా సమయమంతా పైపు ఖాళీ. పైగా ఇంటింటా కుళాయికే మోటారు బిగించి లాగుతారు. ఆ లాగుడుకి కాలువలో మునిగిన జాయింటు నుంచి మురుగు లోపలికి వస్తుంది. చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. నీళ్లలో రెండు చుక్కల క్లోరిన్ పరీక్ష ద్రావణం (ఆర్థోటాలిడిన్) వేస్తే పసుపు రంగు రావాలి. రాకపోతే ఆ రోజే వార్డు సచివాలయంలో రాసివ్వండి, అది సరయ్యేదాకా నీళ్లు కళపెళ మరిగించే తాగండి.