అయిదో నంబరు

మా అపార్ట్‌మెంట్‌లో నా పార్కింగ్ నంబరు అయిదు. నాకు కారు లేదు, స్కూటర్ ఉంది. స్కూటర్ పెట్టగా మిగిలిన జాగా చూసి, 302 ఫ్లాట్ ఆయన తన రెండో కారు తెచ్చి అక్కడ పెట్టడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి మిగిలింది ఆయనకు, స్కూటర్ చెత్తడబ్బా పక్కకు.

మొదట నవ్వుతూ చెప్పాను. తర్వాత నవ్వకుండా చెప్పాను. ఆఖరికి అసోసియేషన్ మీటింగులో లేవనెత్తాను. ఆయన లేచి నిలబడి, "సార్, పార్కింగ్ గురించి లా ఏం చెప్తుందో మీకు తెలుసా?" అన్నాడు. నాకు తెలియదు. ఆయనకూ తెలియదని నా గట్టి అనుమానం. కానీ ఇద్దరు తెలియనివాళ్లలో ముందు అడిగినవాడే లాయరులా కనిపిస్తాడు. నేను బిస్కెట్ల ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, లా చదవాలని. రిటైరై అప్పటికి నెల. వయసు అరవై ఒకటి. 36 ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు చదివినవాణ్ని. పైనుంచి కింది దాకా చదవకుండా ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు. తేదీ తప్పు పడిందని పెళ్లి సెలవు చీటీ కూడా వెనక్కి పంపాను. (ఆ అబ్బాయి ఇప్పటికీ నాతో మాట్లాడడు.) ఇలాంటి మనిషి కాకపోతే ఇంకెవరు చదవాలి లా?

"స్కూటర్ కోసం మూడేళ్ల చదువా? ఆయన కారే అన్నాళ్లుండదు" అంది మా ఆవిడ.

కనుక్కుంటే దారి సులువుగానే ఉంది. లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ రాయాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ఇంటర్‌తో వచ్చేవాళ్లకు అయిదేళ్లది. వయోపరిమితి లేదు. పైగా ఇద్దరికి అన్నిట్లోనూ సమానంగా మార్కులొస్తే వయసులో పెద్దవాడిదే ముందు ర్యాంకట. జుట్టు నెరిసినందుకు బ్యాంకువాళ్లు ఇచ్చే అర శాతం వడ్డీ తర్వాత నాకు దొరికిన గౌరవం ఇదే. బషీర్‌బాగ్ లా కాలేజీ మెట్లెక్కుతున్నట్టు అప్పుడే కలలు కూడా మొదలయ్యాయి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. బెంగళూరు నుంచి మా అబ్బాయి, "ఆగు నాన్నా, శనివారం నేను నింపుతా" అన్నాడు. లాయరు కాబోతున్నవాడు తన దరఖాస్తు తను పెట్టుకోలేడా అని నాకు పౌరుషం వచ్చింది. ఆ పౌరుషం వీధి చివర నెట్ సెంటర్ దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. కాగితాల కట్ట మొత్తం కుర్రాడి చేతిలో పెట్టి, "నువ్వే కొట్టు బాబూ" అన్నాను.

ఫోటోకి ఇన్ని కేబీలే ఉండాలట. తగ్గించి తగ్గించి చివరికి నా ముఖంలో మీసం ఒక్కటి మిగిల్చాడు. సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ ఫోన్. 302 ఆయన కొత్త డ్రైవరు వచ్చాడట, మన నంబరు మూడా, అయిదా అని అడుగుతున్నాడట. మూడు ఆయన సొంత జాగా. నాకు ఒళ్లు మండింది. కుర్చీలోంచి లేచి నిలబడి అరిచాను: "అయిదు! మూడు కాదయ్యా, అయిదు! ఎన్నిసార్లు చెప్పాలి, నాది అయిదు!"

"సరే సార్, అరవడమెందుకు?" అన్నాడు కుర్రాడు. ఏదో టక్కున నొక్కాడు.

నేను ఫోన్‌లో అరుస్తుంటే వీడెందుకు నొచ్చుకున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. "ఒకసారి చూసుకోండి సార్, అంతా కరెక్టేనా?" అని స్క్రీన్ నా వైపు తిప్పాడు. చూశాను. మీసం ఉంది. ఓకే అన్నాను. తర్వాత కొన్నాళ్లకు దరఖాస్తుల్లో తప్పులు దిద్దుకోవడానికి గడువు ఇచ్చారని పేపర్లో చదివాను. పాపం, జనం ఎంత అజాగ్రత్తగా ఉంటారో అనుకుని పేజీ తిప్పాను.

ఇక చదువు. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, మిగతా 60 లా మీద. తప్పు రాస్తే మార్కు కోయరు. 42 వస్తే గట్టెక్కినట్టే. కోఠీ వెళ్లి పాత పుస్తకాల దుకాణంలో బేరమాడి సగం ధరకు ఒక గైడు తెచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఐపీసీ సెక్షన్లు బట్టీ పట్టాను. హత్య 302, మోసం 420. మోసం దగ్గరికి వచ్చినప్పుడల్లా పైఫ్లాట్ వైపు చూసి కొంచెం గట్టిగా చదివేవాణ్ని.

ఇరవై రోజులయ్యాక మా అబ్బాయి వీడియో కాల్‌లో ఆ గైడు అట్ట చూశాడు. "నాన్నా, అది ఎప్పటిది?" అన్నాడు. 2019. వాడు కాసేపు మాట్లాడలేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చిందని చెప్పాడు. ఆ వార్త నేనూ చదివాను. నా గైడు చదవలేదు. కొత్త చట్టంలో హత్య 103కి మారింది. 302లో ఇప్పుడు ఉన్నది ఇతరుల మత మనోభావాలను కావాలని నొప్పించే మాటల నేరం. మోసం 318లోకి వెళ్లింది. 420 అయితే అసలు లేనే లేదు, చట్టం 358తోనే అయిపోతుంది. నూట అరవై ఏళ్లకు పైగా దేశమంతా తిట్టుకున్న నంబరు అది! ఇకమీదట వాడొట్టి త్రీ ఎయిటీన్ అంటే ఎవడికి కోపం వస్తుంది? హత్య కూడా ఇల్లు మారింది. 302 ఆయన మాత్రం కదల్లేదు.

కొనేవాడే చూసుకోవాలి అనే అర్థంలో లాటిన్‌లో 'కేవియట్ ఎంప్టర్' అనే సూత్రం ఉంది. అది కూడా ఆ గైడులోనే ఉంది, 212వ పేజీలో.

కొత్త గైడు పూర్తి ధర పెట్టి కొన్నాను. మెంటల్ ఎబిలిటీకి మా ఆవిడే గురువు. చుట్టరికాల ప్రశ్నలు నేను బొమ్మలు గీసుకుంటూ ఉండగానే వంటింట్లోంచి జవాబు వచ్చేసేది. "ఏ అనే అమ్మాయి తల్లి, బి అనే అబ్బాయి తండ్రికి చెల్లెలు. ఏకి బి ఏమవుతాడు?" అని చదివాను.

"బావ" అంది పోపు వేస్తూనే. "వరసైనవాడే. పిల్లాడు ఏం చేస్తుంటాడట?"

గైడులో జవాబు 'కజిన్' అని ఉంది. మేనమామ కొడుకును, పెదనాన్న కొడుకును ఒకే గాట కట్టేసే ఆ మాట చూపిస్తే మా ఆవిడకు ఆ పుస్తకం మీదే గౌరవం పోయింది. 'ఆడి ఆల్టెరం పార్టెం' అంటే ఎదుటివాళ్ల మాట కూడా వినాలి అని చెబితే, "పెళ్లయినప్పటినుంచీ నేను చెప్పేది అదే, లాటిన్‌లో చెబితేగాని ఎక్కలేదు" అంది. 1973 కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు కూర్చుని ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు అయ్యారని చెబితే, "మన అసోసియేషనే నయం, అందరూ ఆయనవైపే" అంది. కరెంట్ అఫైర్స్ జోలికి మాత్రం రాలేదు. అది నాకు నల్లేరు మీద నడక అనుకున్నాను. నలభై ఏళ్లుగా పేపరు చదువుతున్నానా, తీరా చూస్తే నాకు తెలిసిన కరెంట్ అఫైర్సన్నీ చరిత్ర పాఠంలోకి వెళ్లిపోయాయి.

హాల్ టికెట్ వచ్చింది. మీసం సరిపోయింది. పరీక్ష మధ్యాహ్నం దాటాక అని ఉంటే, భోంచేసి వెళ్లొచ్చని సంతోషించాను.

సెంటర్ ఊరి శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నన్ను చూడగానే, "పేరెంట్స్ ఆ చెట్టు కింద కూర్చోవాలి సార్" అన్నాడు. హాల్ టికెట్ చూపించాను. ఫోటోను, నన్ను, మళ్లీ ఫోటోను చూశాడు. లోపల వరండాలో ఒక పిల్లాడు ఎదురొచ్చి, "సార్, మూడో ల్యాబ్ ఎటు?" అని అడిగాడు. ఇంకొకడు ఊరికే నమస్కారం పెట్టాడు. భయపడకు, నెగెటివ్ మార్కుల్లేవు అని ధైర్యం చెప్పాను. ల్యాబ్‌లోకి అడుగుపెట్టగానే ఇన్విజిలేటర్ చటుక్కున లేచి నిలబడ్డాడు. మా అబ్బాయి వయసుంటుంది. "నమస్తే సార్. సిస్టమ్స్ అన్నీ చెక్ చేశాం సార్, ప్రాబ్లమ్ ఏం లేదు" అన్నాడు. 36 ఏళ్ల అలవాటు కదా, "ఊఁ" అన్నాను. రెండు కంప్యూటర్లు వంగి చూశాను కూడా. ఆ తర్వాత జేబులోంచి హాల్ టికెట్ తీసి నా సీటెక్కడ అని అడిగితే, ఆయన కూర్చోవడానికి కాస్త సమయం పట్టింది.

సీట్లో కూర్చుని చుట్టూ చూశాను. అందరూ మీసం మొలవని పిల్లలే. డిగ్రీ చేసినవాళ్లు ఇంత లేతగా ఉన్నారేమిటి అనుకుంటుండగా పక్క సీట్లోంచి, "అంకుల్! మీరా?" అని వినిపించింది. 302 వాళ్లమ్మాయి. మొన్ననే ఇంటర్ అయింది.

"నువ్వెందుకమ్మా ఇక్కడ?" అన్నాను.

"ఫైవ్ ఇయర్స్ లా అంకుల్. మీరూ ఫైవ్ ఇయర్సేనా?"

"కాదమ్మా. నాకు డిగ్రీ ఉంది. నాది మూడేళ్లది."

"అది పొద్దునే అయిపోయింది అంకుల్. ఇది అయిదేళ్లది."

హాల్ టికెట్ తీసి ఈసారి మీసం వదిలేసి మిగతాది చదివాను. స్పష్టంగానే ఉంది, నా పేరు కింది వరసలోనే. నెట్ సెంటర్, ఫోన్, కుర్చీలోంచి లేచి అరవడం, "సరే సార్" అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. "మూడు కాదయ్యా, అయిదు!" అని నేనే చెప్పాను, ఊరంతా వినేలా. కుర్రాణ్ని ఏమనాలి?

లేచిపోదామనుకున్నాను. ఇన్విజిలేటర్ ఇంకా నావైపు కొంచెం భయంగానే చూస్తున్నాడు. ఆ గౌరవం పాడుచేయడం ఇష్టం లేక రాసేశాను. చెప్పుకోకూడదు గానీ బాగానే రాశాను. 'వాలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా' సూత్రానికి అర్థం ఏది అని అడిగారు. ఇష్టపడి ఒప్పుకున్నవాడికి అన్యాయం జరిగినట్టు కాదు. రెండో ఆలోచన లేకుండా మౌస్ నొక్కాను.

బయటికి వచ్చేసరికి కుండపోత వాన. క్యాబ్ యాప్‌లో చూస్తే నా మూడు రోజుల పెన్షన్ అడుగుతోంది. చెట్టు కింద పేరెంట్స్‌లోంచి ఒక గొడుగు నావైపు వచ్చింది. దాని కింద 302 ఆయన.

"అన్నగారూ, మీరేంటిక్కడ?"

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అందుకుంది. "అంకుల్ నా పక్క సీటే డాడీ! లాసెట్ రాశారు. అదీ ఫైవ్ ఇయర్స్!"

ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఒక పార్కింగ్ కోసం మూడేళ్లు చదివేవాడితో ఎలాగోలా నెట్టుకురావచ్చు. అయిదేళ్లు చదవడానికి సిద్ధపడినవాడు మామూలు మనిషి కాడు. "ఈ వయసులో లా ఎందుకు అన్నగారూ?" అన్నాడు మెల్లగా.

"ఏదో, కాలక్షేపం" అన్నాను అంతకంటే మెల్లగా. నెట్ సెంటర్ సంగతి చెప్పలేదు.

"ఈ వానలో ఎలా వెళ్తారు? రండి, రండి" అని తనే కారు తలుపు తీశాడు. ఆ కారే. ఇన్నాళ్లూ బయటినుంచి తిట్టుకున్నాను గానీ లోపల చాలా బాగుంది. మెత్తటి సీట్లు, చల్లటి ఏసీ. దారి పొడవునా అమ్మాయి ఒక్కొక్క ప్రశ్న గుర్తు తెచ్చుకుంటూ నా జవాబులు అడుగుతూనే ఉంది. ఆయన అద్దంలోంచి నన్ను చూస్తూ నడుపుతున్నాడు. జవాబు చెప్పినప్పుడల్లా ఆయన స్పీడు కొంచెం తగ్గేది.

కారు మా గేటులోకి తిరిగింది. వాచ్‌మన్ గోనెసంచి నెత్తిన కప్పుకుని పరుగెత్తుకొచ్చి, "రానీ, రానీ, ఇంకొంచెం" అంటూ దారి చూపించాడు. కారు మెల్లగా వెనక్కి వెళ్లి ఆగింది. నా పక్క అద్దంలోంచి స్తంభం కనబడుతోంది. దాని మీద పసుపు రంగులో అయిదు. అవతల చెత్తడబ్బా పక్కన నా స్కూటర్ తడుస్తోంది. వాచ్‌మన్ అద్దం దగ్గరికి వంగి లోపలికి చూశాడు, నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వచ్చేశాం అన్నగారూ" అన్నాడు ఆయన.

"అంకుల్, ఒక్క నిమిషం. ఆ వాలెంటి క్వశ్చన్‌కి మీరేం పెట్టారు?"

"ఇష్టపడి ఒప్పుకున్నవాడికి అన్యాయం జరిగినట్టు కాదు. కరెక్టేనమ్మా" అని చెప్పి తలుపు తీసుకుని దిగాను.