మడత పడని మ్యాపు

కోర్టు సినిమా అనగానే మనకి ఒక లెక్క ఉంటుంది. లాయర్ బల్ల గుద్దాలి, ఒక్క డైలాగుతో కేసు తిరగబడాలి, వెనక బెంచీల వాళ్లు చప్పట్లు కొట్టాలి. హన్సల్ మెహతా తీసిన 'షాహిద్'లో అవేవీ లేవు. ఇరుకు గది, ఒకరి మాట పూర్తి కాకుండానే ఇంకొకరు అడ్డుపడి కసురుకునే ఇద్దరు లాయర్లు, వాళ్లని ఆపలేక విసుక్కునే జడ్జి, అంతే. ముంబై లాయర్ షాహిద్ ఆజ్మీ జీవితం మీద తీసిన ఈ సినిమా 2013 అక్టోబర్‌లో విడుదలైంది. డైరెక్టర్‌కీ, షాహిద్‌గా వేసిన రాజ్‌కుమార్ రావుకీ జాతీయ అవార్డులొచ్చాయి.

షాహిద్ కథ సినిమా వాళ్లు కల్పించినా ఎవరూ నమ్మని రకం. ముంబై అల్లర్లు కళ్లారా చూసిన కుర్రాడు కాశ్మీర్‌లో మిలిటెంట్ల శిబిరానికి వెళ్లి, అక్కడ ఇమడలేక తిరిగొచ్చాడు. అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద అరెస్టై తీహార్ జైల్లో ఏళ్లు గడిపాడు, అక్కడే చదువు మొదలుపెట్టాడు, బయటికొచ్చి లా చేశాడు. ప్రాక్టీసు చేసింది ఏడేళ్లు, ఆ ఏడేళ్లలో 17 మందిని నిర్దోషులుగా బయటికి తెచ్చాడని చెబుతారు. 2010 ఫిబ్రవరి 11న కుర్లాలోని తన ఆఫీసులోనే కాల్చి చంపారు. అప్పటికి వయసు 32.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఒక కాగితం. 26/11 కేసులో షాహిద్ క్లయింటు ఫహీమ్ అన్సారీ దాడి చేసిన చోట్ల మ్యాపులు గీసిచ్చాడనీ, అందులో ఒకటి చనిపోయిన ఉగ్రవాది అబూ ఇస్మాయిల్ ప్యాంటు జేబులో దొరికిందనీ ప్రాసిక్యూషన్ వాదన. కసబ్‌తో పాటు ఆ రాత్రి తిరిగి, కాల్పులు జరిపి, గిర్‌గావ్ చౌపాటీ దగ్గర తూటాలు తగిలి రక్తమోడుతూ పడిపోయిన మనిషి జేబులో కాగితం అది. దాని మీద రక్తపు మరక లేదు, నలిగిన గుర్తు లేదు. "నా క్లయింటు అమాయకుడు" అని గొంతు చించుకోవాల్సిన పనే లేదక్కడ, "మీ కాగితం నిలబడదు" అంటే చాలు. తీర్పు వినడానికి షాహిద్ బతికి లేడు. 2010 మేలో కసబ్‌కి ఉరిశిక్ష వేసిన కోర్టే ఫహీమ్‌ని వదిలేసింది, తర్వాత హైకోర్టు, 2012లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేశాయి.

డిఫెన్స్ లాయర్ పని నిజానికి ఇలాంటి చప్పటి పనే. పంచనామాలో టైము, సాక్షి సంతకం, మడత. ప్రత్యేక చట్టాల కేసుల్లో అదీ అంత తేలిక కాదు, ఎందుకంటే మామూలు కేసులో పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు గానీ పెద్ద ర్యాంకు అధికారి రాసుకుంటే అప్పట్లో టాడాలో చెల్లేది, మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల చట్టం మోకాలో ఇప్పటికీ చెల్లుతుంది. ఇప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం యూఏపీఏలో ఆ వెసులుబాటు లేకపోయినా, 2008 సవరణ తర్వాత బెయిల్ దొరకడమే గగనం, చార్జిషీట్ చూడగానే ఆరోపణ నిజమేనేమో అని జడ్జికి అనిపిస్తే చాలు, లోపలే ఉండాలి. షాహిద్ కొందరి తరఫున నిలబడ్డ 2006 ముంబై రైలు పేలుళ్ల కేసే చూడండి, 2025 జూలైలో బాంబే హైకోర్టు మొత్తం 12 మందినీ నిర్దోషులంది. సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది గానీ వాళ్లని మళ్లీ జైలుకి పంపలేదు. మధ్యలో పోయినవి పందొమ్మిదేళ్లు.

ఇక సినిమాతో నా పేచీ. ఇందులో షాహిద్ క్లయింట్లందరూ పాపం అనిపించే మనుషులే, వాళ్ల మొహాలు చూస్తేనే మనకి తెలిసిపోతుంది. దాంతో ప్రేక్షకుడికి టెన్షన్ తగ్గిపోతుంది, అమాయకుడి కోసం వాదించేవాడు మంచివాడు, సరే. మరి అంత అమాయకుడు కానివాడికి వకాల్తా ఎవరు వేస్తారు? ఫలానా నిందితుడి తరఫున మా వాళ్లెవరూ వాదించరని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం మనం చూస్తూనే ఉన్నాం, అవి చెల్లవని సుప్రీంకోర్టు 2010 డిసెంబర్‌లోనే చెప్పినా ఆగలేదు. రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టైన వాడికి లాయర్ హక్కు ఇచ్చింది, మంచివాడైతేనే అని షరతు పెట్టలేదు.

ఫహీమ్ సంగతే తీసుకోండి. ఉత్తరప్రదేశ్ రాంపూర్ సీఆర్‌పీఎఫ్ క్యాంపు దాడి కేసులో ఉగ్రవాద ఆరోపణలు కొట్టేశారు గానీ, నకిలీ పాస్‌పోర్టు వ్యవహారంలో శిక్ష పడింది. సినిమా వచ్చేనాటికి ఆ కేసు తేలలేదు లెండి. శిక్షా కాలం అప్పటికే జైల్లో గడిచిపోవడంతో 2019లో బయటికొచ్చాడు. మ్యాపు కేసులో మూడు కోర్టులు వదిలేసిన ఆ మనిషి, ఆటో నడుపుకోవడానికి పోలీసుల క్లియరెన్స్ సర్టిఫికెట్ ఇవ్వడం లేదంటూ 2025లో మళ్లీ బాంబే హైకోర్టు మెట్లెక్కాడు.