పొటాషియం 14, పెసరట్లు రెండు

నిన్న పొద్దున్నే ఓ పెద్దాయన ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళారు. కణాల లెక్కకి పర్పుల్ మూత ట్యూబు, కిడ్నీ పరీక్షలకి ఎర్రమూత ట్యూబు. పదింటికల్లా రిపోర్టు దిగింది: పొటాషియం 14.2, కాల్షియం 2.1.

పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉండాలి. 6.5 దాటితేనే గుండె లయ తప్పుతుందని డాక్టర్లు ఈసీజీ మిషను కోసం పరిగెడతారు. కాల్షియం 8.5కి తగ్గకూడదు. 2కి పడితే చేతులు కొంకర్లు పోయి ఫిట్స్ రావాలి. ఈ లెక్కన పెద్దాయన రెండు వేర్వేరు కారణాలతో రెండుసార్లు పోయుండాలి. ఆ సమయానికి ఆయన రెండో పెసరట్టుకి అల్లంపచ్చడి పట్టిస్తున్నారు.

ల్యాబు యాప్ గారు ఆగుతారా! నంబరు కొడుకుది ఇచ్చారు కనుక ఎర్రక్షరాల హెచ్చరిక నేరుగా డాలస్ చేరింది. అక్కడ అర్ధరాత్రి కావస్తోంది.

"నాన్నా, ఊపిరి ఆడుతోందా?"

"పచ్చడి ఘాటు నెత్తికెక్కిందిరా, కాస్త ఆడట్లేదు."

పది నిమిషాల్లో వీధిలో అంబులెన్సు.

జరిగింది ఇంతే. ఎర్రమూత ట్యూబులో రక్తం చాల్లేదని పర్పుల్‌లోంచి కాస్త వంచారు. పర్పుల్ ట్యూబు గోడలకి పూసి ఉండేది ఈడీటీఏ అనే పొటాషియం లవణం. కాల్షియం లేనిదే రక్తం గడ్డకట్టదు కాబట్టి, ఆ కాల్షియాన్ని పట్టి కట్టేయడమే దాని ఉద్యోగం. కొద్దిగా కలిసినా పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి. సూది దగ్గర ఎర్రకణాలు చితికినా పొటాషియం పెరుగుతుంది. ప్లాస్మాలో, అంటే రక్తంలోని నీటిభాగంలో, కంటే కణాల లోపలే అది ఇరవై రెట్లకు పైగా ఉంటుంది మరి. కానీ అప్పుడు సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, ఎర్రబడుతుంది, కాల్షియం ఇంతలా పడిపోదు. రెండంకెలూ ఇలా జంటగా ఎగిరి పడ్డాయంటే దొంగ ఈడీటీఏనే.

పైగా ఎర్రమూత ట్యూబులో రక్తం అరగంటలో గడ్డకట్టాలి, ఆ తర్వాతే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. ఇది సరిగ్గా గడ్డకట్టనే లేదు. ఆ ఒక్క గుర్తు చాలు, శాంపిల్ పక్కన పెట్టి మళ్ళీ తెమ్మనడానికి. మా ల్యాబుల జాతికి మిషను మీదున్న భక్తి కళ్ళ మీద ఉండదు. అంకె వచ్చిందా, దేవుడు పలికినట్టే!

రక్తం తీసిన కుర్రాడిని ఏమనగలం? తొమ్మిదిలోపు ఇన్ని ఇళ్ళు తిరగాలని టార్గెట్ పెట్టిన పెద్దలు, ముందు నీలం, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, పర్పుల్, చివర బూడిదరంగు అని వరుస నేర్పడానికి, ఒక దాంట్లోది ఇంకోదాంట్లో వంచకూడదని చెప్పడానికి అరగంట కేటాయించలేదు.

ఆసుపత్రిలో ఈసీజీ మామూలే. మళ్ళీ తీసిన పొటాషియం 4.3. అంబులెన్సు బిల్లు ఎవరు కట్టాలో తేల్చే పరీక్షకి మాత్రం ఏ రంగు మూత ట్యూబూ ఇంకా రాలేదు.