సవరణ: సస్టైనబుల్ ఇంజనీరింగ్ పేరున్న బ్రాంచే అక్కర్లేదు

ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంటర్ పిల్లల కోసం పెట్టిన గత పోస్టులో, "సస్టైనబుల్ ఇంజనీరింగ్ చదవాలంటే ఆ పేరున్న బీటెక్ ఉన్న కాలేజీకే వెళ్లాలి" అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదువుకోండి: సివిల్, కెమికల్, మెకానికల్, మెటలర్జీ, దేంట్లో చేరినా ఈ దారి ఉంది.

సస్టైనబుల్ ఇంజనీరింగ్ అంటే పర్యావరణానికి హాని తగ్గేలా వస్తువులు, పనులు రూపొందించే చదువు. దీనికి ప్రాణం లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్. అంటే ఒక వస్తువు గని నుంచి చెత్తకుప్ప దాకా ఎంత కరెంటు, నీరు తింటుందో, ఏం వదిలిపెడుతుందో లెక్కకట్టడం. కోరాపుట్ జిల్లాలో అల్యూమినా ఫ్యాక్టరీ ఉన్న మన దామన్‌జోడినే చూడండి. బాక్సైట్ అనే ఖనిజం నుంచి అల్యూమినా (అల్యూమినియం తయారుచేసే తెల్లపొడి) తీశాక మిగిలే ఎర్రమట్టిలో కాస్టిక్ సోడా ఉంటుంది, ఊరికే పారబోయలేం. ఆ అల్యూమినా అంగుల్‌లోని ఫ్యాక్టరీకి వెళ్లి కిలో అల్యూమినియం లోహంగా మారాలంటే సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. పాత అల్యూమినియం గిన్నెలు కరిగించి మళ్లీ వాడితే అందులో 5 శాతం చాలు! ఈ లెక్క పక్కాగా వేయగల పిల్లలు మన జిల్లాల నుంచే రావాలని నా కోరిక.

ఇంకొకటి, భాష గురించి టెన్షన్ వద్దు. ఒడిశాలో బీటెక్ సీట్లకు చూసేది జేఈఈ మెయిన్ (దేశమంతా జరిగే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకు. 2021 నుంచి ఆ పరీక్ష తెలుగులోనూ, ఒడియాలోనూ రాయొచ్చు. దరఖాస్తులోనే భాష ఎంచుకోవాలి.