రాయికి జ్వరం రాకుండా చూసుకోవడం ఎలా?

మా ఇంట్లోకి ఈమధ్య ఒక సుకుమారి వచ్చింది. వేడి పడదు. ఎండ పడదు. బ్లీచింగ్ నీళ్లు తగిలితే మొహం పాలిపోతుంది. పండక్కొచ్చిన కొత్తల్లుడు కూడా ఇన్ని షరతులు పెట్టడు. ఆవిడ పేరు క్వార్ట్జ్ వంటగట్టు.

రాయి అనే అంటారు. తూకంలో నూటికి తొంభై పాళ్లు క్వార్ట్జ్ రవ్వా పొడీ, మిగతాది పాలిస్టర్ రెజిన్ అనే జిగురూ రంగూ. అచ్చులో పరిచి, గాలి లాగేసి, అదిమి, వేడి చూపించి పలక చేస్తారు. చెనిగ్గింజల పాకంఉండ తెలిసినవాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. గింజ గట్టిదే, పట్టి ఉంచేది పాకం. ఉండను పొయ్యి పక్కన పెడితే ముందు ఎవరు జారుకుంటారో మీకే తెలుసు.

తిరుపతిలో ఉంటూ దీన్ని కొనడానికి కొంచెం ధైర్యం కావాలి. మా వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా ఏడుకొండలు. ఆ పైన కనిపించే నిట్రాతి గోడలన్నీ క్వార్ట్జైట్, అంటే అసలు సిసలు క్వార్ట్జ్ రాయి. శిలాతోరణమూ అదే రాయి. వంద కోట్ల ఏళ్లు దాటినా ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ నిలబడే ఉంది, దానికి వారంటీ కార్డు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మా గట్టుకు పదేళ్లిచ్చారు. అటు కుప్పం వైపు పోతే గ్రానైట్ క్వారీలు. కానీ ఇంటి పక్క రాయిని ఇంట్లో పెట్టుకుంటే చుట్టాల దగ్గర చెప్పుకోవడానికేముంటుంది?

రేణిగుంట రోడ్డులో షాపుకెళ్లాం. కుర్రాడు బైక్ తాళంచెవితో పలకను గీకి, "చూడండి సార్, గీత పడదు" అన్నాడు. నిజమే, క్వార్ట్జ్ ఉక్కు తాళం కంటే గట్టిది. దాని మీదే కూరగాయలు తరిగితే అరిగేది కత్తే. "ఒక చిన్న ముక్కివ్వండి, రాత్రంతా పసుపూ నూనే పూసి చూస్తాం" అన్నాను. పెళ్లికూతురి జీతం స్లిప్పు అడిగినట్టు చూశాడు. అయినా అడగండి. సింకు కోసం కోసే లోపలి మూలలు గుండ్రంగా ఉండాలని కూడా చెప్పండి, చీలిక మొదలయ్యేది అక్కడే. నేను ఇవన్నీ చెప్పేలోపు మా ఆవిడ తెల్లటి తెలుపు ఖాయం చేసేసింది. రాగి సంగటి, ఊరిబిండి, చింతపండు పులుసు వండే ఇంటికి తెలుపు!

అసలు పరీక్ష అమ్మ ఊరి నుంచి వచ్చిన రోజున. పొయ్యి మీది దోసె పెనం దించి నేరుగా గట్టు మీద పెట్టబోయింది. ఇద్దరం ఒకేసారి అరిచాం. రెజిన్‌కు నూటయాభై డిగ్రీలు దాటితే గండం, కాలిన పెనం రెండొందలు సులువుగా దాటుతుంది.

"రాయికి గుడ్డ పరిచేదేందిరా అబ్బోడా?"

"కాలుతుందమ్మా."

"కాలేది నా చెయ్యి గదరా!"

ఆమెకు సైన్స్ తెలియదు. పసుపు మరక పడింది. మరక ఎండకు తేలిపోతుంది, అందుకని కిటికీ తెరిచిపెట్టాం. తర్వాత తెలిసింది, ఎక్కువ ఎండ పడితే రెజినే పసుపు పచ్చగా మారుతుందట. ఇప్పుడు కర్టెన్ ఎంత సేపు తీయాలి అన్నదాని మీద ఇంట్లో రోజూ టెన్షన్. రుద్దడానికి మెత్తటి గుడ్డ, గిన్నెల సబ్బు చుక్క, గోరువెచ్చటి నీళ్లు. మా అబ్బాయికి పసితనంలో ఇంత మెత్తటి స్నానం జరిగినట్టు గుర్తు లేదు.

బిగించిన రోజు సంగతి చెప్పడం మరిచాను. పలక కోసే అబ్బాయికి పాతికేళ్లుండవు. మిద్దె మీద మెషిన్ ఆన్ చేయగానే తెల్లటి పొగమంచు. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్నాడు. నీళ్లు పోస్తూ కోయొచ్చు కదా అన్నాను. "కొత్త టైల్సంతా బురదవుతుంది సార్" అన్నాడు మేస్త్రి. టైల్స్ మాట వినగానే నాకు జ్ఞానోదయమైంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్ రూపంలోని సిలికా సగం కంటే తక్కువే ఉంటుంది, దీనిలో తొంభై పాళ్లు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. ఆస్ట్రేలియా వాళ్లు 2024 జులై 1 నుంచి ఈ పలకల తయారీ, అమ్మకం, బిగింపు అన్నీ ఆపేశారు. పిరికివాళ్లు. వాళ్లకు తువ్వాళ్లు దొరకవేమో.

సాయంత్రానికి పని అయిపోయింది. ఆ అబ్బాయి కనుబొమల దాకా తెల్లబడి, దగ్గుతూ మంచినీళ్లడిగాడు. చల్లటివే ఇచ్చాం. తాగి, గ్లాసు గట్టు మీద పెట్టబోయాడు.

నేనే పరిగెత్తుకెళ్లి కింద గుడ్డ పరిచాను.