తక్కువ తిరిగిన బండి

"డాక్టర్ గారి బండి సార్. ఇంటికీ ఆస్పత్రికీ తప్ప ఎక్కడికీ పోలేదు."

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లి ఈ మాట వినకుండా తిరిగొచ్చినవాళ్లు నాకింకా తగల్లేదు. ఊళ్లో డాక్టర్ల కంటే డాక్టర్ల బండ్లే ఎక్కువున్నట్టున్నాయి. మొన్న డిసెంబరులో మల్కాజిగిరిలో ఉంటున్న అమ్మానాన్నల కోసం నేను కొన్నదీ అలాంటిదే. 2016 మోడల్ చిన్న పెట్రోల్ బండి, మీటర్ మీద 31 వేల కిలోమీటర్లు. డాలస్‌లో నా కారు ఏడాదిన్నరలో అంత తిరిగేస్తుంది. ఆ అంకె చూసి పడిపోయాను, బేరం కూడా గట్టిగా ఆడలేదు.

సెలవులకి వెళ్లిన మనవాళ్లు చాలామంది చేసే పనే ఇది. మూడు వారాల్లో బండి కొని, పూజ చేయించి, తాళాలు నాన్న చేతిలో పెట్టి విమానం ఎక్కేస్తాం. నాకిప్పుడు అనిపిస్తున్నదేమిటంటే, కొనేటప్పుడైనా కొన్నాకైనా మనం కిలోమీటర్లు అడగడం మానేసి తారీఖులు అడగాలి. మీటర్ వెనక్కి తిప్పే మాయగాళ్ల సంగతి అలా ఉంచండి. ఎవరూ తిప్పకపోయినా, ఆ 31 వేలూ నిజమే అయినా, తొమ్మిదేళ్ల బండికి అది సంతోషించాల్సిన అంకె కాదు.

ఆ సంగతి నాకు చెప్పింది మెకానిక్. తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, దండ తీయకుండానే మా వీధి చివరి షెడ్డుకి తీసుకెళ్లాను. ఇంజిన్ చూస్తాడనుకుంటే ఆయన బానెట్ జోలికే పోలేదు. ముందు టైరు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సార్, మీ చిన్నపాపకి ఎన్నేళ్లు?"

"ఏడు. ఎందుకు?"

"ఈ టైరు పాపకి అక్క అయితది."

టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలే దాని పుట్టిన తేదీ. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మా బండికి 4215 అని ఉంది. అంటే 2015లో 42వ వారం, అక్టోబరు. గాడులు మాత్రం కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. బండి తిరగలేదు కదా, అవి అరగలేదు. కానీ రబ్బరు ఎండకి ఎండి గట్టిపడుతుంది, సన్నటి పగుళ్లిస్తుంది. మే నెలలో ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద స్పీడులో పోతుంటే అలాంటి టైరుని నమ్మగలమా? గాడులు ఎంతున్నా, 5 ఏళ్లు దాటాక ఏటా చూపించుకోమనీ, 10 ఏళ్లకి ఎలాగూ మార్చేయమనీ పేరున్న టైర్ల కంపెనీలే చెబుతాయి. నాలుగూ మార్పించాను. డిక్కీలో స్టెప్నీని మర్చిపోకండి, దానికీ అదే వయసు.

తర్వాత బ్రేక్ ఆయిల్. ఇది చాలామందికి తట్టదు. ఆ ఆయిల్ గాల్లోని తేమని పీలుస్తుంది, బండి తిరిగినా తిరక్కపోయినా పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. నాలుగు శాతం కూడా నీరు చేరకముందే అది 155కి దిగిపోవచ్చు. మల్కాజిగిరి నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్లొస్తే దీని తేడా తెలియదు. మా నాన్న ఏటా శ్రీశైలం వెళ్తారు. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కుతూనే ఉండాలి. అక్కడ ఆయిల్ మరిగి బుడగలొస్తే పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి మార్చమంటారు. మా బండిది ఎప్పుడు మార్చారని అమ్మినాయన్ని ఫోన్‌లో అడిగితే, "బ్రేకులు సూపర్ పడతాయి సార్" అన్నాడు. నేనడిగింది తారీఖు కదా!

ఇంజిన్ ఆయిల్ లెక్క కూడా ఇంతే. పెట్రోల్ బండ్ల మాన్యువల్‌లో మామూలుగా పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. మనం మొదటి సగం చదివి ఆపేస్తాం. పెద్దవాళ్ల బండి ఏడాదికి మూడు వేలు కూడా తిరగదు, కాబట్టి వాళ్లకి ముందొచ్చేది ఎప్పుడూ ఏడాదే. పైగా గుడికీ, కూరగాయలకీ రెండేసి కిలోమీటర్లు వెళ్లొస్తుంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు. ఏ గ్రేడు పోయాలో మాన్యువల్‌లోనే ఉంటుంది. డ్రమ్ములోంచి పోసేది వద్దనండి. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలంట్, మూత తీసి దాని రంగు కూడా చూడండి (ఇంజిన్ చల్లారాకే సుమా). తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే ఎవరో బోరు నీళ్లు పోసి చేతులు దులుపుకున్నారన్నమాట.

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కి కూడా తేమంటే ప్రీతే. ఆ లెక్క చూసుకుని చేసిన బండ్లు 2023 నుంచి వస్తున్నాయి, మనం కొనే పాతవి కావు. అందుకని నెలల తరబడి టాంకులో ఉంచకుండా వాడేస్తూ ఉండటం మేలు.

ఇంత చెప్పాక నాన్నతో గొడవ పడకుండా ఎలా ఉంటాను? "బాగానే నడుస్తోంది కదరా, ఊరికే ఎందుకు డబ్బులు తగలేస్తావు?" అన్నారు. టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, ఫిల్టర్లు, అన్నీ కలిపి ముప్ఫై వేలు దాటింది. బండి ధర 3 లక్షల 40 వేలు. నన్నడిగితే, సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ధరలో పదో వంతు మొదటి నెల కోసం పక్కన పెట్టుకోవాలి. బేరంలో పదివేలు తగ్గించామని మురిసిపోయి, ఆ పదో వంతు దగ్గర గీసి గీసి లెక్కపెట్టడం నాకు నచ్చదు.

నాన్నకి ఇంకో అలవాటుంది. రోజూ పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు అలా ఉంచి ఆపేస్తారు, బ్యాటరీ దిగిపోకుండా అని. సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన కరెంటు ఆ ఐదు నిమిషాల్లో సరిగా తిరిగి రాదు. వారానికోసారి అరగంట నడపండి నాన్నా అంటే, "ఈ ట్రాఫిక్‌లో అరగంటకి తార్నాక కూడా రాదు" అంటారు. అదీ నిజమే. చివరికి ఆదివారం పొద్దున ఆరింటికి ఈసీఐఎల్ దాకా వెళ్లి టిఫిన్ చేసి రావడానికి ఒప్పందం కుదిరింది. అమ్మ కూడా వెళ్తోంది. ఎలుకల బెడద కూడా దాంతో కొంత తగ్గింది. నెల రోజులు కదలని బానెట్ కింద అవి కాపురం పెట్టి వైర్లు కొరికేస్తాయి, మా పక్కింటాయన బండికి అదే జరిగింది.

డీజిల్ బండి చూసి పెట్టమని నా స్నేహితుడు అడిగితే మాత్రం వద్దన్నాను. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే హైవే మీద కాసేపు ఆపకుండా తోలాలి. ఇంటి నుంచి గుడికి వెళ్లే బండికి అది మూసుకుపోయి, వార్నింగ్ లైటు, షోరూమ్ బిల్లు, టెన్షన్.

2020 అంటే ఇంకో మాట. ఆ ఏడాది అక్టోబరు వానకి హైదరాబాద్‌లో సెల్లార్లలో పెట్టిన కార్లు మునిగిపోయాయి. అంతకుముందు తయారైన బండి కొంటున్నారా? ఆ వారం అది ఎక్కడుందో అడగండి. జవాబు నమ్మబుద్ధి కాకపోతే సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగాన్ని ఎవరూ కడగరు, బురద మరక అక్కడే దొరుకుతుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా: పాత చలాన్లు కట్టించాకే డబ్బివ్వండి. ఆర్సీతోపాటు ఇన్సూరెన్స్ కూడా మీవాళ్ల పేరు మీదికి మారాలి, దానికి 14 రోజుల్లోపు కంపెనీకి రాయాలి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మీకు రాదు.

తిరిగొచ్చే ముందు రోజు నాన్న చేత ఒక పని చేయించాను. వంటింటి క్యాలెండర్ మీద గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు అమ్మ ఎప్పుడూ రాసుకుంటుంది. దాని పక్కనే బ్రేక్ ఆయిల్, బ్యాటరీ, టైర్లు వేసిన తేదీలు రాయించాను. నాన్న రాశారు గానీ, కింద చిన్న అక్షరాలతో ఇంకో లైను చేర్చారు: "ఖర్చు 31,400. అబ్బాయి గొడవ."